పీరా ఎంచిన రెండో పెద్ద

మద్దమ్మ నోరు మంచిది కాదని కువైట్‌లోని బ్నీద్ అల్ గార్‌లో ఉన్న కడప వాళ్లందరికీ తెలుసు. తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో, మామా అని పిలిచే యజమానురాలి దగ్గర వంటా అంట్లూ చేసి, అరబ్బీ మాత్రం మన మగవాళ్లకంటే బాగా పట్టుకుంది. ఇరాక్ సైన్యం దిగిన రెండో రోజే మామా కుటుంబం సౌదీకి పారిపోయింది. మద్దమ్మ వచ్చి మనవాళ్లు నలభై మందితో ఒక భవనం నేలమాళిగలో తలదాచుకుంది.

జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా పోయే బస్సు ఒకటి దొరికింది. అక్కడికి చేరితే విమానంలో ఇంటికి పోవచ్చు. దారిలో సైనికులతో మాట్లాడటానికి ఒక పెద్ద కావాలి. కారు డ్రైవరు హుస్సేన్ పీరానా, మేస్త్రీ ఓబులేసా? దీనిమీద రెండు రోజులు కొట్లాడుకున్నారు. ఒక్క పొయ్యి మీద వండుకునే వాళ్లు కాస్తా రెండు పొయ్యిలు పెట్టారు.

"పీరా కువైట్ పోలీసు పెద్ద కారు తోలినోడు. ఇరాకోళ్లు వాణ్ని పట్టుకుంటే మనందరికీ మూడుతాది" అని ఓబులేసు తరఫున గొంతు చించుకున్నది మద్దమ్మే. చేతులెత్తిస్తే, పీరా మూడు చేతుల తేడాతో గెలిచాడు.

"నాకు తోడు రెండో పెద్ద ఉండాల" అన్నాడు పీరా. అందరూ అతని తమ్ముడు తౌఫిక్ వైపు తిరిగారు.

"మద్దమ్మక్క" అన్నాడు పీరా.

తౌఫిక్ చేతిలో గిన్నె విసిరికొట్టాడు. ఓబులేసు మద్దమ్మను ద్రోహిని చూసినట్టు చూశాడు. ఆమె పీరాను పక్కకు పిలిచింది.

"నన్ను ఎగతాళి చేస్తాండావా?"

"లేదక్కా. నువ్వన్నది నిజమే, నన్ను దించుకుంటారేమో. నా వాళ్లయితే నాకోసం బస్సు ఆపుకోని కూచుంటారు. అందరూ చస్తారు. నువ్వయితే పోతావు."

తనను అంత రాతి మనిషిగా ఎంచాడా అని మద్దమ్మకు ఒళ్లు మండింది. నిజంగా అంతేనేమోనని భయమూ వేసింది.

ఇరాక్‌లో బస్రా దాటాక మూడో చెక్‌పోస్టులో సైనికుడు చేతిలోని పేర్ల కాగితం చూసి పీరా పేరు పిలిచాడు. కిందికి దించారు. ఒట్టి డ్రైవరయ్యా, మా మనిషి అని మద్దమ్మ అరబ్బీలో కాళ్లావేళ్లా పడింది. వాళ్లు "యల్లా, పోండి" అంటూ ఆమెను తుపాకీ మడమతో బస్సులోకి నెట్టి, బండి తీస్తారా, అందరినీ దించమంటారా అన్నారు.

"అన్న వచ్చేదాకా బండి కదలగూడదు!" అని తౌఫిక్ అరిచాడు. విడ్డూరం, ఓబులేసు కూడా "ఆగుదాం" అన్నాడు.

పీరా ఇసుకలో నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఆగాలని అందరికంటే ఎక్కువ మద్దమ్మకే ఉంది. ఈ మనిషి తన గురించి తప్పుగా అనుకున్నాడు. ఆ ముక్క అతనికి చెప్పే వీలు కూడా లేదు.

"యల్లా" అంది, బస్సు నడిపేవాడితో.