దువ్వాడలో ఎక్కవలసిన ఆరుగురు

పదవీ విరమణకు ఏడాది ముందు, వానాకాలంలో, నన్ను దువ్వాడ స్టేషన్‌కు కమర్షియల్ సూపర్‌వైజర్‌గా వేశారు. టికెట్లు, పార్సిళ్లు, రిఫండ్లు, ప్రయాణికుల తగాదాలు అన్నీ ఆ కుర్చీ దగ్గరికే వస్తాయి. విశాఖపట్నం తరువాతి పెద్ద స్టేషన్ అది. స్టీల్‌ప్లాంట్ వాళ్లకూ, గాజువాక చుట్టుపక్కల వాళ్లకూ అదే దగ్గర.

చేరిన నెలకు, ఒక సోమవారం ఉదయం, యారాడ నుంచి నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. ఎండుచేపల వ్యాపారం ఆవిడది. విజయవాడ ప్రదర్శనలో దుకాణం పెట్టడానికి తనూ మరో ఐదుగురు ఆడవాళ్లూ అంతకు రెండు వారాల ముందు బయలుదేరారు. సాయంత్రం ఐదులోగా చేరితేనే దుకాణం అప్పగిస్తారట. ఉదయం 8.55కు దువ్వాడ రావలసిన రైలు పన్నెండు దాటినా రాలేదు. ఇక వెళ్లీ ప్రయోజనం లేదని ఆరుగురూ బుట్టలు ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయారు.

టికెట్లు ఆవిడే తన ఫోన్‌లో ఒక ప్రైవేటు యాప్ ద్వారా కొంది. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మనం ప్రయాణం మానుకుంటే చార్జీ మొత్తం తిరిగి వస్తుంది. అయితే రిజర్వేషన్ చార్టు తయారయ్యాక మామూలుగా క్యాన్సిల్ చేయడం కుదరదు. రైలు కదిలేలోగా టీడీఆర్ అనే రిఫండ్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. యాప్‌లో కొన్న టికెట్‌కు ఆ యాప్ ద్వారానే డబ్బు వస్తుంది, మా కౌంటర్‌లో పైసా ఇవ్వలేం. నూకరత్నం ప్లాట్‌ఫారం మీద నిలబడే ఆ దరఖాస్తు పెట్టింది. వారం తరువాత యాప్ జవాబిచ్చింది: ఆలస్యం మూడు గంటల లోపే, రిఫండ్ లేదు.

ఆవిడ బాధ డబ్బు గురించి కాదు. “నాను తప్పు నొక్కీసినానంట మేడమ్. మా తోడికోడలైతే డబ్బులు నానే తినీసినానంతంది. రేపట్నుంచి నాతో యాపారానికి ఎవులొత్తారు?”

టికెట్ చూశాను. విశాఖపట్నం నుంచి విజయవాడ. కంప్యూటర్‌లో తీస్తే ఆ రోజు విశాఖలో రైలు ఆలస్యం రెండు గంటల యాభై నిమిషాలు. యాప్ చెప్పింది నిజమేనని, పది నిమిషాల తేడాతో పోయిందని చెప్పి, వెనకున్న మనిషిని రమ్మన్నాను.

ఆవిడ కదల్లేదు. “ఏటి మేడమ్, నాను ఇశాపట్నంలో ఎక్కుతానన్నానా? ఇక్కడ కదా నిల్సున్నాం. ఇక్కడికి ఎన్నింటికొచ్చిందో సూడండి.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఇటువైపు వాళ్లకు ఒక అలవాటుంది. విశాఖ నుంచి సీట్ల కోటా ఎక్కువని టికెట్ అక్కణ్నుంచి కొని, ఎక్కే స్టేషన్‌ను దువ్వాడగా మార్చుకుంటారు. టికెట్ మీద ఆ మాట స్పష్టంగానే ఉంది. ఆలస్యం లెక్క ఎక్కే స్టేషన్‌లో చూడాలని రూలు. యాప్ చేసిన తప్పే నేనూ చేశాను. యంత్రానికి కళ్లు లేవనుకుందాం, నా కళ్లకేమైంది?

స్టేషన్ మాస్టర్ రిజిస్టర్ తెప్పించాను. విశాఖ దాటాక ముందున్న గూడ్సు వెనక ఆగి, రైలు దువ్వాడకు వచ్చింది 12.11కు, కదిలింది 12.14కు. నూకరత్నం ఫోన్‌లో టీడీఆర్ అందినట్టు యాప్ పంపిన సందేశం 12.02ది. అప్పటికే మూడు గంటల ఏడు నిమిషాలు దాటాయి, రైలింకా రాలేదు. ఆరుగురూ ఎక్కలేదని టీటీఈ కూడా నమోదు చేశాడు. అంతకంటే గట్టి కేసు నా సర్వీసులో చూడలేదు. ఆవిడ చేత అర్జీ రాయించి, రైలు ఆలస్యమైనట్టు ధ్రువపత్రం మీద అప్పటికప్పుడే స్టేషన్ మేనేజర్ సంతకం చేయించాను.

“డబ్బుల మాట తరవాత మేడమ్. ముందు మా వోళ్లకి మీరే సెప్పాల,” అంది.

మర్నాడు ఐదుగురినీ వెంటబెట్టుకొచ్చింది. నేను గదిలోంచి బయటికి వచ్చి, కౌంటర్ ముందు జనమంతా వింటుండగా ఆ పత్రం చదివి, ఈవిడ ఏ తప్పూ నొక్కలేదు, నిన్న తప్పు చెప్పింది నేనే అన్నాను. ఆ ఐదుగురిలోనే ఉన్న తోడికోడలు, “మల్లీ టికెట్లు నువ్వే తియ్యే,” అంది. నూకరత్నం నవ్వు చూడాలి! నాకు ప్రమోషన్ వచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

యాప్ వాళ్ల పని మిగిలింది. రైల్వే వైపు వెతికితే ఆవిడ దరఖాస్తు అసలు చేరనే లేదు, వాళ్లే అడ్డంగా తీర్పు చెప్పేశారు. ఫిర్యాదు పెడితే రెండుసార్లు అదే జవాబు. మూడోసారి నేనే ఫోన్ చేసి, మీ పని దరఖాస్తు చేరవేయడం, తేల్చడం రైల్వే రిఫండ్ ఆఫీసు పని అని కాస్త గట్టిగానే చెప్పాను. పంపారు. ఆరు టికెట్లకూ పూర్తి చార్జీ మంజూరైంది.

యాప్‌లో టికెట్ కొనేవాళ్లు టీడీఆర్ సందేశం చెరపకూడదు. ఎక్కవలసిన స్టేషన్‌లో ఆలస్యం పత్రం అడిగి తీసుకోవాలి. కౌంటర్‌లోని మనిషి కాదన్నా, కారణం తేలేదాకా కదలకూడదు. ఆ సోమవారం నూకరత్నం పక్కకు తప్పుకుని ఉంటే, నేను తప్పు చెప్పానన్న సంగతి నాకు ఈనాటికీ తెలిసేది కాదు.