నది అవతలి సీటు

మా ముత్తాత ఈ ప్రాంతంలో పదకొండు ఊళ్లకు మాల్గుజారు. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతుల మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత కాలానికి ఊళ్లు తగ్గాయి గాని మర్యాద తగ్గలేదు. ప్రాణహిత దాటి మా సిరోంచకు వచ్చిన అధికారి ఎవరైనా మా గడిలో భోజనం చేయకుండా వెళ్లేవాడు కాదు. మా నాన్న కోర్టు వ్యాజ్యాలు నడిపారు. నేను బస్టాండు దగ్గర అద్దె గదిలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతున్నాను. పిల్లల కాలేజీ ఫారాలు నింపుతాను, ఎవరికి ఏ కాలేజీ తగునో చెబుతాను. దీన్ని నేను చిన్నతనంగా ఎన్నడూ అనుకోలేదు.

2024 వేసవిలో ఒకరోజు సమ్మయ్య తన కూతురు సౌజన్యను వెంటబెట్టుకుని వచ్చాడు. అతని తండ్రి రాజయ్య మా గడి భోజనశాలలో ముప్పై ఏళ్లు వడ్డన చేసినవాడు. కుర్చీ చూపించినా సమ్మయ్య నిలబడే మాట్లాడాడు.

"హోటల్ మేనేజ్‌మెంట్ సదువుతదట దొరా. నర్సింగ్ సదువు బిడ్డా అంటే ఇనదు. మా అయ్య జిందగీ అంత ఒడ్డించుడే అయిపాయె. మల్ల ఇది గూడ గదే పని చేస్తదట."

"తాత ఒడ్డిస్తెనే గద బాపు, నువ్వు తిని గింత పెరిగినవ్," అంది ఆ పిల్ల.

ఇంతలో ఎదుటి హోటల్ నుంచి చాయ్ వచ్చింది. సౌజన్య లేచి ట్రే అందుకుంది. కప్పు నా కుడి పక్కనుంచి వచ్చి బల్ల మీద వాలింది. చెవి ఒగ్గి విన్నా చప్పుడు లేదు. కప్పు పిడి నా చేతివైపే తిరిగి ఉంది.

"ఎవరు నేర్పిండ్రమ్మా?"

"తాత. రేకు పళ్లాలతోటి నేర్పిండు సార్. సప్పుడైతే మొట్టికాయ."

చాయ్ చల్లారిపోయింది. నాకు ఆ భోజనశాల కళ్లముందు నిలిచింది. అల్లపల్లి టేకుతో చేయించిన పొడుగాటి బల్ల, పెట్రోమాక్స్ దీపం బుసబుస, తెల్ల తలపాగాతో రాజయ్య. ఒక వానాకాలం వరదకు పడవలు ఆగిపోయి, అటవీ శాఖ అధికారి ఒకాయన మా ఇంట్లో ఐదు రోజులు చిక్కుకున్నాడు. కూరగాయలు అయిపోయాయి. ఉన్న పప్పునే రాజయ్య ఒకరోజు చింతచిగురుతో, ఒకరోజు మామిడి ఒరుగులతో, పూటకో రకంగా వండించి పెట్టాడు. తలుపు చాటునుంచి నేను చూసేవాణ్ని. వెళ్లేటప్పుడు ఆ అధికారి మా తాతకు నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగి రాజయ్యకు కూడా పెట్టాడు.

నేను తప్పు చేసింది అక్కడే. మా ఇంట్లో వడ్డన నేర్చినవాడి మనవరాలు ఏదో చిన్న కాలేజీలో చేరడమా అనిపించింది. మా మేనమామలు చదివింది హైదరాబాద్‌లో. కాబట్టి హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రైవేటు కాలేజీ పేరు చెప్పాను.

"ఫీజు మస్తుంటదేమో గద సార్?" అంది సౌజన్య.

"ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తది," అన్నాను. అంటే ప్రభుత్వం విద్యార్థి తరఫున కాలేజీకి తిరిగి కట్టే ఫీజు.

"ఏ ప్రభుత్వం ఇస్తది సార్?"

ఈ పనిలో పదహారేళ్లుగా ఉన్నాను. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు. "నేను చెప్తున్న గద," అన్నాను. సమ్మయ్య కూతుర్ని కసిరాడు. హాస్టలుకూ ముందుగా కట్టాల్సిన డబ్బుకూ ఒడ్డు మడి అమ్ముతానన్నాడు. ప్రాణహిత ఒడ్డున ఎకరన్నర, రాజయ్య ముసలితనంలో కొన్న మడి. వాళ్లకున్న పొలం అదొక్కటే.

రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆ రీయింబర్స్‌మెంట్ ఫారం తెరిచాను. తెలంగాణలోనే చదివినట్టు స్థానికత పత్రం అడిగింది. సౌజన్య ఫైలు తిరగేశాను. బడి సర్టిఫికెట్, కుల పత్రం, డొమిసైల్ అనే నివాస పత్రం, అన్నీ మహారాష్ట్రవే. ఇది సరిహద్దు ఊళ్లవాళ్లం మాత్రమే చేసే తప్పు. మాట తెలుగు, బజారు మంచిర్యాల, వియ్యాలు నది అవతల. కాగితం మీద మాత్రం ఆ నది రెండు రాష్ట్రాల మధ్య ఉంటుంది, మా సిరోంచ మహారాష్ట్ర వైపు. అక్కడ ఆమెకు రీయింబర్స్‌మెంట్ రాదు. నాలుగేళ్ల ఫీజూ సమ్మయ్యే కట్టాలి. మడి అమ్మినా ఆ డబ్బు మొదటి ఏడాది దాటి రాదు.

మర్నాడు పొద్దున్నే సమ్మయ్య ఇంటికి వెళ్లాను. మా ఇంటి మనిషి ఎవరూ ఆ గడప తొక్కిన గుర్తు నాకు లేదు.

సమ్మయ్య కంగారుగా లేచాడు. "మీరెందుకొచ్చిండ్రు దొరా! కబురు పెడ్తె నేనే రాకపోదునా?"

"మడి ఏమైంది సమ్మయ్యా?"

"కొనేటోళ్లు ఇయ్యాల మాపటికి బయానా పైకం ఇస్తమన్నరు."

"బయానా పట్టకు. నేను తప్పు చెప్పిన."

"మీ తాత గిట్ల ఎన్నడు అనలే," అన్నాడు సమ్మయ్య.

"అనలే," అన్నాను. "అందుకే మా గడికి గీ గతి పట్టింది."

లోపల్నుంచి సౌజన్య నవ్వు వినిపించింది. తండ్రి మొహం మాత్రం మారలేదు. "మరి పిల్ల సదువు ఏం గావాలె దొరా?" అన్నాడు.

జవాబు ఆ పిల్ల దగ్గరే ఉంది. "చంద్రపూర్ పోయి సీఈటీ రాసిన సార్. మా మేడం ఎందుకైనా మంచిది రాయమన్నది. మీరు అడగలే, నేను చెప్పలే." సీఈటీ అంటే మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష. ఆ మార్కులతో క్యాప్ రౌండులో, అంటే ప్రభుత్వమే సీట్లు పంచే విడతలో, సీటు వస్తే స్కాలర్‌షిప్ వర్తిస్తుంది. ఫారంలో కావలసిన కాలేజీల వరుస పెట్టడానికి ఇంకా రెండు రోజుల గడువుంది.

ఆ రెండు రోజులూ మరో ఫారం ముట్టలేదు. ఈసారి కాలేజీ భవనం ఫొటో చూడలేదు. ఒక్కో కాలేజీకి ఫోన్ చేసి, హాస్టల్లో భోజనం కలిసే ఉంటుందా, కత్తుల సెట్టూ తెల్ల కోటూ ఫీజులోనివేనా, శిక్షణ కాలంలో హోటల్ వాళ్లు పిల్లలకు డబ్బేమైనా ఇస్తారా అని అడిగాను. అడగవలసినవి పక్కనుంచి సౌజన్యే చెప్పింది. రెండో రౌండులో నాగ్‌పూర్‌లో ఒక చిన్న కాలేజీలో సీటు వచ్చింది. సమ్మయ్య బజారులో నలుగురి ముందే, "దొర తప్పు చెప్పిండు, మల్ల దొరనే దిద్దిండు," అన్నాడు. ఆ మాటలో మొదటి సగం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇప్పుడు ఎవరు వచ్చినా కాలేజీ పేరు ముందు ఎత్తను. ఫైలు బల్ల మీద పెట్టించి, కాగితాలు ఏ రాష్ట్రానివో చూస్తాను. పిల్లలు ప్రశ్న వేస్తే పూర్తిగా వింటాను. ఈ రెండూ నాకు సౌజన్య వల్ల వచ్చిన అలవాట్లు.

మొన్న సౌజన్య సెలవులకు వచ్చినప్పుడు సెంటర్లో చాయ్ మళ్లీ తనే అందించింది.

"సార్, చాయ్ కుడి పక్కనుంచే గని, కూర ఎడమ పక్కనుంచి ఒడ్డించాల్నట. మీ గడిల అన్ని కుడి పక్కనుంచే నేర్పిండ్రు తాతకు."

"మా గడిలో మా పద్ధతి," అన్నాను.

"సరే తియ్యుండ్రి," అని నవ్వింది.

సమ్మయ్య ఒడ్డు మడిలో ఈసారి కూడా వరి వేశాడు. మా భోజనశాలలోని టేకు బల్లను కిందటి చలికాలంలో చంద్రపూర్ వ్యాపారికి అమ్మేశాం.