నాగూరమ్మ కూర్చోబెట్టిన తరగతి

ముప్పై ఏళ్లకు పైగా అందరూ నన్ను మంచి టీచరన్నారు. అన్నప్పుడల్లా మాట మార్చేదాన్ని. ఆ మంచి పేరుకు మొదటి మెట్టు నాది కాదు, ఒక ఎనిమిదేళ్ల పిల్లది. దాన్ని నాదని చెప్పుకున్నాను. అంతకంటే పాడు పని కూడా చేశాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి ధైర్యం చేసి చెబుతున్నాను.

పందొమ్మిది వందల అరవైల మొదట్లో మాట. మాది బుచ్చిరెడ్డిపాలెం పక్కన వరి పండించే ఇల్లు. టీచర్ ట్రైనింగులో ఉండగా, పాఠాలు చెప్పడం అలవాటు కావాలని నన్ను ఒక నెలపాటు సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరి బడికి పంపారు. మొదటిరోజే మా ట్రైనింగు మాస్టారు వచ్చి చూసి మార్కులు వేస్తారు. అందులో తప్పితే చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెడతానని నాన్న ముందే చెప్పాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే.

పొద్దున వెళ్లగానే ఆ బడి పంతులు తరగతి నాకప్పగించి వెళ్లిపోయాడు. పుస్తకంలో చదువుకున్నట్టు పిల్లల్ని ఎత్తు ప్రకారం కూర్చోబెట్టాను. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. చక్కగా కుదిరిందనుకుని పేర్లు అడగబోయాను. ఇద్దరు మూతులు తిప్పుకున్నారు. ఒకడు పక్కవాణ్ణి గిల్లాడు. వాడు పలకతో ఒకటిచ్చాడు. క్షణంలో తరగతి కాస్తా సంతయింది. అరిచాను, బతిమాలాను, చివరికి ఏడుపు మింగుకుంటూ నిలబడిపోయాను. వరిచేల మధ్య పెరిగినదాన్ని, వాళ్ల లోకం నాకేం తెలుసు?

అప్పుడు మూడో తరగతి పిల్ల ఒకతె లేచింది. నూనె చూడని జుట్టు, ఒక భుజం చిరిగిన గౌను. పేరు నాగూరమ్మ.

"అట్టా గాదక్కా. ఒక పడవోళ్ల పిలకాయలంతా ఒకచోట కూచ్చోవాల" అంది.

తండ్రులు ఒకే పడవలో వేటకు వెళితే వాళ్ల పిల్లలంతా ఒక వరుస. పడవ ఒడ్డుకొస్తే ఆ వరుస మాత్రం లేచి వెళుతుంది. వల దులపడానికి సాయం చేసి, పిల్లల వాటా కింద తలా దోసెడు చేపలు తెచ్చుకుని, ఇంట్లో ఇచ్చి మళ్లీ బడికొస్తుంది. అందాకా వాళ్ల పలకలు మిగతావాళ్లు చూసుకుంటారు. రానివాళ్లకు వాటా లేదు. ఇంకొకటి, వలల దగ్గర తగువు పడ్డ పడవల పిల్లల్ని పక్కపక్కన వెయ్యకూడదు. నేను ఏరికోరినట్టు వాళ్లనే జంటలు కట్టానన్నమాట. నాగూరమ్మ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి మార్చింది. అరగంటలో బడి బడిలా అయింది. ఎవరు ఎవరి తమ్ముడో, ఎవరింట్లో జ్వరాలున్నాయో కూడా నా చెవిలో చెప్పింది. పేరుకు టీచర్ని నేను, ఆ పూట నాకు టీచరు అది.

మధ్యాహ్నం మాస్టారు వచ్చేసరికి అది లేచి, మళ్లీ గిల్లుకున్న ఇద్దర్ని సర్దుతోంది.

"ఏమ్మా, ఆ పిల్లేంది లేచి తిరగతా ఉంది?" అన్నారు గుమ్మంలోంచే.

నిజం చెబితే ఏమయ్యేది? మెచ్చుకునేవారేమో కూడా. ఆ ఆలోచన ఇప్పుడు వస్తోంది, అప్పుడు రాలేదు. ఇంత పిల్ల నా తరగతి నడిపిందంటే మార్కులు పోతాయని, నాన్న అన్నంత పనీ చేస్తాడని, ఆ భయం ఒక్కటే ఉంది.

"చెప్పిన మాట వినదు సార్" అన్నాను.

ఎండలో నిలబెట్టమన్నారు. నేనే తీసుకెళ్లి నిలబెట్టాను. కాళ్లకు చెప్పుల్లేవు. ఇసక కాలిపోతోంది.

తరవాత ఆయన వరుసలు చూసి ముచ్చటపడ్డారు. పడవల సంగతి గడగడా అప్పజెప్పాను. "ఒక్క పూటలో భలే కనిపెట్టినావే" అంటే తలవంచుకుని నవ్వాను. అంతలో ఒడ్డు నుంచి కేక వినబడింది. ఒక వరుస లేచి పరుగెత్తింది. అది నాగూరమ్మ వాళ్ల పడవ. పిల్లలు దాని పక్కనుంచే వెళ్లారు. అది మాత్రం కదల్లేదు. నా వైపు చూసింది. "పోవే" అంటే చాలు. అనలేదు. మాస్టారు నా మార్కులు రాస్తున్నారు మరి.

ఆయన వెళ్లగానే బయటికి పరుగెత్తాను.

"నువ్వన్నా ఆయనతో చెప్పలేదేమే?"

"మేం బాగుంటేనే మీకు మార్కులంట గదక్కా. పంతులు చెప్పినాడు." కాలు మార్చి కాలు వేస్తూ నిలబడి అడిగింది. "ఏసినాడా సారు?"

వేశారన్నాను. నవ్వింది. నిజంగానే సంతోషపడి నవ్వింది.

ఆ నెలంతా దాన్ని ముద్దు చేశాను. తలకు నూనె రాసి జడలు వేశాను, కొత్త పలక కొనిచ్చాను. మాస్టారు మరో రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ నిజం చెప్పలేదు. తరవాత మా ఊరి దగ్గరే ఉద్యోగం వచ్చింది. బస్సెక్కితే ఒక్కరోజులో ఆ ఊరు వెళ్లి రావచ్చు. ఎందుకు వెళ్లలేదు? ఆ నవ్వు మళ్లీ చూడ్డానికి మొహం చెల్లలేదు.

కానీ ఏ బడికి మారినా మొదటిరోజు పిల్లల్నే అడిగేదాన్ని, మీలో ఎవరు ఎవరితో కూర్చోవాలి, ఎందుకని. చేలకు నీళ్లు పెట్టే దగ్గర తగువులు, పెద్దవాళ్ల అలకలు అన్నీ చెప్పేవాళ్లు. ఇన్ని వందల మంది పిల్లలు నా దగ్గర నిమ్మళంగా చదువుకున్నారంటే అది నాగూరమ్మ పెట్టిన భిక్ష. నేను తిన్న ప్రతి ముద్దలో దాని చెయ్యి ఉంది. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని ఇన్‌స్పెక్టర్లు అడిగితే మాత్రం "అనుభవం సార్" అనేదాన్ని. దానికెంత రుణపడి ఉన్నానో చెప్పుకోవాలని ఎంతో ఉండేది. చెప్పాలంటే నా దొంగతనం కూడా చెప్పాలి గదా.

ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. కనబడినా క్షమించమని అడగను. అడిగితే "ఏందక్కా ఇది" అని నవ్వి ఊరుకుంటుంది. అంత సులువుగా పోకూడదు ఈ బరువు. మీతో చెప్పుకున్నాను, గుండె కాస్త తేలికయింది. ఇన్‌స్పెక్టర్లకు ఇవ్వాల్సిన జవాబు కూడా ఇక్కడే రాస్తున్నాను. ఆ పద్ధతి నాకు నేర్పింది నాగూరమ్మ, మూడో తరగతి. ఆరోజు దానికి చేపలు అందలేదు.