రెండు గుర్రాల కారుతో కేరమ్ డౌన్స్ గుడికి

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి కాన్‌బెర్రాలో మెల్‌బోర్న్ బస్సెక్కాను. వెళ్ళేటప్పుడు బస్సు, వచ్చేటప్పుడు కారు అని నా ఆలోచన. కారు చేతికొస్తుందో రాదో తెలియదు గనక తిరుగు టికెట్టు కొనాలా వద్దా అని వారం రోజులు తర్జనభర్జన పడి చివరికి కొనలేదు. బస్టాండులో దింపుతూ మా ఆవిడ లలిత, "ఇప్పటికే రెండు కార్లున్నాయి. మూడోదానికి గరాజ్‌లో ప్లేస్ ఉందో లేదో చూశారా అసలు?" అని అడిగింది. నేను చూడలేదు.

సంగతి ఇది. కాన్‌బెర్రాలోనే మదామ్ ఒదిల్ అని ఒక ఫ్రెంచి ఆవిడ దగ్గర మూడేళ్ళు ఫ్రెంచి నేర్చుకున్నాను. ఆఫీసయ్యాక ఆవిడ క్లాసుకి వెళ్ళి, ట్రామెక్కి హారిసన్‌లో మా ఇంటికి చేరేవాణ్ణి. ఫ్రెంచి అబ్బలేదు. ఒకరోజు జోరున వాన పడుతుంటే ఆవిడ తన కారులో నన్ను ట్రామ్ స్టాపు దాకా దింపింది. అరవైల నాటి బూడిదరంగు బుల్లి కారు. పైన గుడ్డ టాపు, ముందు ముడతల బానెట్, గొడుగు పిడిలా డాష్‌బోర్డులోంచి పొడుచుకొచ్చిన గేరు. ఫ్రెంచిలో దాని పేరుకి రెండు గుర్రాలని అర్థం. ఆ పది నిమిషాలూ నేను పకపకా నవ్వుతూనే ఉన్నాను. ఎందుకు నవ్వానో నాకిప్పటికీ తెలియదు.

మదామ్‌కి ఇప్పుడు ఎనభై ఎనిమిది. చూపు తగ్గి డ్రైవింగ్ మానేసి, మెల్‌బోర్న్‌కి దక్షిణాన ఫ్రాంక్‌స్టన్‌లో మేనకోడలి దగ్గర ఉంటోంది. కారు ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తానంది. పాత కార్ల క్లబ్బువాళ్ళు ఇద్దరు అప్పటికే అడిగారట. "మీరూ వచ్చి నడిపి చూపించండి, ఆ తర్వాత చెప్తాను" అని నాకు మెయిల్ రాసింది. షరతు ఒక్కటే: ఫ్యాక్టరీలో వేసిన రంగు ఇన్నేళ్ళుగా అలాగే ఉంది, ఇకముందూ అలాగే ఉండాలి. నాకు వస్తువుల మీద పెద్దగా మోజు లేదు. ఈ కారు మాత్రం కావాలి. ఇది వేరేవాళ్ళకి పోతుందేమోనని నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

బస్సులో పక్క సీటు ఆంటీది వరంగల్. సిడ్నీలో రౌస్ హిల్‌లో కొడుకు దగ్గరుండి, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో కూతురి దగ్గరికి వెళ్తోంది. యాస్ దాటేసరికి పులిహోర డబ్బా నా ఒళ్ళో పెట్టింది, కారు కథంతా నా చేత చెప్పించుకుంది.

"అరవై ఏండ్ల కారా? అది నడుస్తదా బిడ్డా?"

"నడుస్తుంది ఆంటీ. గంటకి ఎనభై."

"మంచిగున్నది. ఇగో, పరాయోళ్ళ చేతిల తిరిగిన బండి. పూజ చేపియ్యకుండ హైవే ఎక్కియ్యకు. కేరమ్ డౌన్స్ గుడి ఆడ్నే ఉంటది కద."

నిజమే కదా అనుకున్నాను. మా ఇంట్లో ఏ బండీ పూజ కాకుండా ఊరు దాటలేదు. కారు నాది కాకముందే పూజేమిటన్న ప్రశ్న ఆమెకూ రాలేదు, నాకూ రాలేదు.

సాయంత్రం ఐదింటికి మెల్‌బోర్న్‌లో దిగాను. అక్కణ్ణుంచి ఫ్రాంక్‌స్టన్‌కి లోకల్ రైల్లో గంటా పావు ప్రయాణం. స్టేషన్ దగ్గర మోటెల్‌లో దిగి, మిగిలిన పులిహోర తిని పడుకున్నాను.

శనివారం తొమ్మిదింటికి మదామ్ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ కారు పక్కనే స్కార్ఫు కట్టుకుని నిలబడి ఉంది. ముందు పాఠం చెప్పింది. కారు ముక్కు మీద రెండు గీతలు, తలకిందులుగా పెట్టిన ఇంగ్లీషు వి అక్షరాల్లా ఒకదాని మీద ఒకటి. ఆ కంపెనీ పెట్టినాయన మొదట్లో పళ్ళచక్రాలు చేసేవాడట, ఆ పళ్ళ ఆకారమే గుర్తయింది. ఈ కారు తయారుచేయించింది పల్లెల్లో రైతుల కోసం. దున్నిన పొలం మీద నడిపినా బుట్టలో గుడ్లు పగలకూడదని ఇంజనీర్లకి చెప్పారట. నేను గేరు లాగబోతే అది రివర్స్‌లో పడింది. మళ్ళీ లాగితే ఎక్కడ పడిందో మా ఇద్దరికీ తెలియలేదు.

"ఎక్కడికి?" అన్నాను.

"మీ ఇష్టం. మీకు నచ్చిన చోటికి తీసుకెళ్ళండి, చూస్తాను."

సందు మలుపులో కారు ఒక పక్కకి ఒరిగిపోతే భయపడి బ్రేకు వేశాను. మదామ్ ముందుకి తూగి, "ఒరగనివ్వండి, పడదు" అంది. పావుగంట దారి అరగంటలో గడిపి గుడి చేరుకున్నాం.

వాహన పూజకి మా ముందు రెండు కొత్త బళ్ళున్నాయి, ఇంకా ప్లాస్టిక్ కవర్లు తీయని పెద్దవి. మదామ్‌ని దిగమంటే కాళ్ళు నొప్పులు, కారులోంచే చూస్తానంది. నేను పంతులుగారి దగ్గరికెళ్ళి, "పాత రంగండీ. దాని మీద పసుపూ కుంకుమా పడకుండా చూడండి" అన్నాను.

"అలాగే, అద్దానికి చిన్న బొట్టు పెడదాం. మీరు ఆ నిమ్మకాయలు సర్దండి" అన్నారాయన.

నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి లేచేసరికి, తడి కుంకుమతో బానెట్ నిండా స్వస్తిక్ వేసి ఉంది. పంతులుగారిని అనడానికి లేదు. పొద్దుట్నుంచి ప్రతి బండికీ వేస్తున్న చెయ్యి అలవాటుగా వేసేసింది. రంగు పోయింది, కారు పోయింది అనుకుంటూ జేబురుమాలు తీసి పరిగెత్తాను.

"అయ్యో, అలా తుడవకూడదండీ, అపచారం" అంటున్నారు పంతులుగారు. వెనక లైన్లో నిలబడ్డవాళ్ళంతా నన్నే చూస్తున్నారు. నేను ఆగలేదు. ఎర్రదనమంతా రుమాలుకొచ్చింది గానీ ముడతల్లో గులాబీ మరక ఉండిపోయింది. అప్పుడు తలెత్తి అద్దంలోంచి మదామ్ మొహం చూశాను. రక్తం లేనట్టు పాలిపోయి ఉంది. ఎందుకో నాకర్థం కాలేదు. మరక చూసి కోపమొచ్చిందనే అనుకున్నాను.

"ఇంటికి వెళ్దాం" అందావిడ.

కొబ్బరికాయ కొట్టకుండానే బయల్దేరాను. చక్రాల కింద నిమ్మకాయలున్న సంగతే మర్చిపోయాను. అవి చితికి, పూజ ఆ పాటికి అయిందనిపించింది.

ఇంటికొచ్చి, కాఫీ పెట్టి, అప్పుడు చెప్పింది మదామ్. ఆవిడ నాన్న ఆ కంపెనీలో డ్రాయింగులు గీసేవాడు. ఈ చిన్న కారు ఇంకా తయారవుతుండగా యుద్ధం వచ్చింది, పారిస్ జర్మన్ల చేతికి వెళ్ళింది. నమూనా కార్లు వాళ్ళకి దొరక్కుండా కంపెనీవాళ్ళు దాచేశారు. కొన్ని డ్రాయింగులు నాన్న ఇంటికి తెచ్చి కూతురి పరుపు కింద పెట్టాడు. ఒక పొద్దున స్వస్తిక్ గుర్తు వేసిన జర్మన్ల బండి వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. మూడు నెలలకి తిరిగొచ్చాడు. ఆ తర్వాత కుడిచేత్తో పెన్సిలు పట్టుకోలేకపోయాడు.

"నేను ఆ కాగితాల మీదే పడుకునేదాన్ని" అంది మదామ్.

నేను తడబడుతూ మొదలుపెట్టాను. మా స్వస్తిక్ వేరనీ, మాకది శుభమనీ, మా పెళ్ళిపత్రికల మీద కూడా ఉంటుందనీ.

"తెలుసు. చదువుకున్నాను. కళ్ళు చదువుకోలేదు" అంది ఆవిడ. "మీవాళ్ళందరి ముందు, మీ పూజారి వద్దంటున్నా మీరు తుడిచారు. ఎవరికోసం తుడిచారో నేను చూశాను" అని తాళం నా కాఫీ కప్పు పక్కన పెట్టింది.

నిజం అప్పుడే చెప్పాల్సింది నేను. తాళం వైపు చూశాను. తీసుకున్నాను. ఆవిడ చూపించిన చోటల్లా సంతకాలు కూడా పెట్టాను.

ఆదివారం ఆరున్నరకి బయల్దేరాను. హైవే మీద లారీ దాటిన ప్రతిసారీ కారు అవతలికి జరుగుతోంది, పిల్లలు కిటికీల్లోంచి చేతులూపుతున్నారు. ఎంతో సంతోషపడాల్సిన ప్రయాణం. పడుతున్నాను, మధ్యలో ఆవిడ మాట గుర్తొచ్చి తేలు కుట్టినట్టవుతోంది. బెనాల్లాలో పెట్రోలు పోయించుకుంటుంటే ఒక ముసలాయన బానెట్ మీద చెయ్యి పెట్టి, "ఈ మరక పాలిష్‌తో పోతుంది, మేట్" అన్నాడు.

రెండున్నరకి హోల్‌బ్రూక్ చేరాను. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి పార్కులో నిజమైన జలాంతర్గామి ఉంది. ఎందుకుందో బోర్డు మీద రాసుంది, రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. దాని నీడలో కారాపి మదామ్‌కి ఫోన్ చేశాను.

"నేను తుడిచింది మీ కోసం కాదు మదామ్. రంగు పాడైతే కారివ్వరని తుడిచాను. మీ సంగతి నాకు తట్టనే లేదు. వెనక్కి తెమ్మంటే తెచ్చేస్తాను."



"మా నాన్నని అందరూ దేశభక్తుడనేవాళ్ళు" అందావిడ. "పోయే ముందు నాతో చెప్పాడు. దేశం సంగతి ఆయనకీ తట్టలేదట. అంత మంచి కారు వాళ్ళ చేతుల్లో పడకూడదని దాచాడట. ఆలస్యం చెయ్యకండి, దాని దీపాల వెలుతురు చాలదు." ఫోన్ పెట్టేసింది.

నన్ను ఊరడించడానికి కల్పించి చెప్పిందో, నిజమే చెప్పిందో తెలియదు. నేను ఆవిడ ముందు రోజు అనుకున్నంత మంచివాణ్ణి కాదని తెలిశాక కూడా కారు నా దగ్గరే ఎందుకుంచిందో తెలియదు. మూడు రోజుల ప్రయాణంలో తెలిసిందల్లా ఆ కారంటే నాకెంత ఇష్టమో అన్నదొక్కటే. అంత ఇష్టమున్నందుకు సిగ్గుపడాలా అని ఆలోచిస్తూ, కొంత సిగ్గుపడుతూనే, గేరు లాగి కాన్‌బెర్రా దారి పట్టాను.