భయం బాబాయి గుర్తులు పెట్టించిన ఊరు

బాబాయికి భయం. దేనికని అడక్కండి. దేనికి భయం లేదో చెప్పడమే తేలిక, అదీ ఇంతవరకు తేలలేదు. లిఫ్టు ఎక్కితే తాడు తెగుతుందని, మెట్లెక్కితే కాలు జారుతుందని, ఏదీ ఎక్కకుండా కింద నిలబడితే పైనుంచి పూలకుండీ పడుతుందని భయం. ఊరంతా ఆయన్ని 'భయం బాబాయి' అనే పిలిచేది. తన కళ్లజోళ్ల దుకాణంలో అద్దం తుడిచేటప్పుడు కూడా, పగిలితే ముక్క ఎవరి కంట్లో పడుతుందోనని చెయ్యి దూరంగా చాచి తుడిచేవాడు.

ఆయన అన్న కూతురు విపత్తుల ఆఫీసులో పనిచేసేది. నది పొంగితే ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ సందులో పడవ పట్టేంత చోటుందో, ఎవరింట్లో నడవలేనివాళ్లున్నారో జనమే తమ ఫోన్లలో మ్యాపు మీద గుర్తులు పెట్టాలి. అందుకు జనాన్ని కూడగట్టడం ఆమె పని. మీటింగు పెట్టింది. వచ్చినవాళ్లు టీ తాగి, "మా వీధి మాకు తెలీదా తల్లీ!" అని వెళ్లిపోయారు.

"నువ్వు మర్యాదగా చెబుతున్నావే, అందుకే వినట్లేదు," అన్నాడు బాబాయి. "నా దగ్గరికి పంపు."

మర్నాటి నుంచి దుకాణంలో కంటి పరీక్ష తీరే మారిపోయింది.

"కింది వరస చదవండి. కనబడిందా? బాగుంది. మరి మీ వీధిలో నడుం లోతు నీళ్లొస్తే మూత లేని మురుక్కాలువ కనబడుతుందా?"

"అయ్యబాబోయ్! కనబడదండీ."

"మీ పిల్లలు బడి నుంచి ఆ దారినేగా వచ్చేది?"

అంతే. ఆ మనిషి కళ్లజోడు సంగతి మరిచిపోయి వీధికి పరుగెత్తి, కాలువకు గుర్తు పెట్టి మరీ ఊపిరి పీల్చుకునేవాడు. కళ్లజోళ్ల అమ్మకం పడిపోయింది, మ్యాపు నిండిపోయింది.

"బాబాయ్, జనానికి నిద్ర పట్టట్లేదట!" అని ఆమె మొత్తుకుంటే, "మంచిదే. మెలకువగా ఉన్నవాడు మునగడు," అనేవాడు.

ఆ వానాకాలం నది నిజంగానే పొంగింది. కట్ట తెగిందన్న కబురు మధ్యాహ్నం వచ్చింది. జనం పెట్టిన గుర్తులు చూసుకుంటూ పడవలు సందుల్లోకి దూరుతున్నాయి. ఆఫీసు తెర మీద వీధి తర్వాత వీధి మునుగుతుంటే ఆమె పడవలకు దారి చెబుతోంది. అప్పుడు పిన్ని ఫోను చేసింది.

"మీ బాబాయి అక్కడికొచ్చారా?"

"రాలేదే! ఇంట్లో లేడా?"

"మ్యాపు చూస్తూ చూస్తూ, కుట్టుమిషను అవ్వ ఒంటరిగా ఉండే సందులో ఒక్క గుర్తూ లేదేమిటి అన్నారు. గొడుగైనా తీసుకోకుండా వెళ్లిపోయారు. ఫోను ఎత్తట్లేదు."

ఆ సందు కట్టకు ఆనుకునే ఉంది. ఆమె మ్యాపు అంతా వెతికి అక్కడ ఆగింది. ఖాళీ. చూస్తుండగానే అందులో ఒక గుర్తు మొలిచింది. నొక్కింది.

'మేడ మీద ఇద్దరు. ఒకరు నడవలేరు. ఇంకొకరికి భయంగా ఉంది.'

నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేసి, ఆమె పడవ దగ్గరికి పరుగెత్తింది.

మేడ మీద బాబాయి తన చొక్కా విప్పి అవ్వ తలకు కప్పి, పళ్లు టకటకలాడిస్తూ కూర్చున్నాడు.

"ఈవిడకి ఫోను లేదే. గుర్తెవరు పెడతారు? అందుకని..."

"మెట్లన్నీ నన్ను వీపున మోశాడమ్మా," అంది అవ్వ. "మెట్టుమెట్టుకీ పడిపోతున్నాం అనే అన్నాడు."

"సందులో గుండెల దాకా నీళ్లున్నాయి! నీకు ఈత రాదు కదా బాబాయ్!"

బాబాయి పిట్టగోడ మీంచి కిందికి చూశాడు. ముఖం తెల్లగా పాలిపోయింది.

"అవును కదే! ఆ సంగతే గుర్తుకు రాలేదు," అని గబుక్కున అవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

"భయపడకు నాయనా," అంది అవ్వ, "నేనున్నానుగా!"