జయరాజ్ సార్ పంజరాలు

జయరాజ్ సార్ ఎవరికి ఎదురుపడినా ప్రొటీన్ పంజరం గురించి చెప్పకుండా వదిలేవాడు కాదు. 2009లో డిచ్‌పల్లి క్యాంపస్‌లో మేమిద్దరం ఒకే గదిలో కూర్చునేవాళ్లం, ఇద్దరిదీ బయోకెమిస్ట్రీయే. నా పాఠం గంట కొట్టగానే అయిపోయేది. ఆయన పాఠం గంట కొట్టాకే మొదలయ్యేది.

బస్సులో కండక్టర్ టికెట్ అడిగితే, "అన్నా, మన ఒంట్ల ఇనుము ఎక్కడ దాసుకుంటదో ఎరికేనా?" అని ఆపేవాడు. ఆదివారం మెథడిస్టు చర్చిలో ప్రార్థన ముగియగానే, ఆయన ముందు గుమ్మంలో నిలబడితే జనం పక్క తలుపు పట్టేవారు.

ఒకరోజు క్యాంపస్ ముందు చాయ్ బండి పోశన్న దొరికాడు.

"పోశన్నా, ఇరవై నాలుగు ప్రొటీన్ ముక్కలుంటయి. ఎవ్వలు పిలువకున్నా అవే కూడుకొని బంతి అయితయి. లోపల బోలు, ఇనుము దాసే పంజరం. దాని పేరు ఫెరిటిన్. సమజైందా?"

"కాలే సార్."

"పులుపు బాగా తగిలితే ఇడిపోతయి. పులుపు పోంగనే మల్ల కూడుకుంటయి."

పోశన్న గరిటె ఆపాడు. "గంతేనా? మా అన్నదమ్ముల లెక్క. లొల్లి అయితే ఇడిపోతం, సల్లవడంగనే ఒక్కకాడికొస్తం."

సార్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట గబగబా రాసుకుని, చాయ్ తాగడం మరిచి వెళ్లిపోయాడు.

తర్వాత నిజామాబాద్ పసుపు మార్కెట్‌లో కొమ్ములు అమ్మే రాధాబాయిని పట్టుకున్నాడట. "ఆ బంతికి రంగు అంటిస్తం. కణంలకు పోయినంక నీలం లైటు ఏస్తే పచ్చగ మెరుస్తది..."

"జా రే బాబా! గిరాకీ పోతున్నది!" అని ఆమె చేట విసిరింది.

"సార్, మన డిపార్ట్‌మెంట్ పరువు తీస్తున్నారు" అన్నాను.

"పరువుకేం సార్, నడుస్తది" అన్నాడు.

ఆ ఫిబ్రవరిలో నవీపేట్ నుంచి వచ్చే మా ఎమ్మెస్సీ విద్యార్థిని గంగమణి నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. డిగ్రీదాకా తెలుగు మీడియం చదివిన పిల్ల, పసుపు రైతు కూతురు. ఫెరిటిన్ పంజరాలకు మెరిసే రంగు అంటించి కణంలో చూడడమే ఆమె సెమినార్. ఇంకా వారమే ఉంది.

"నా పేరు తీసెయ్యుండ్రి సార్. చదువు బంద్ చేస్త. ఇంగ్లీష్ మొత్తం బట్టీ వట్టిన. ఒక్క ముక్క సమజ్ కాలే."

కాగితం జయరాజ్ సార్‌కు చూపించాను. ఆయన జేబులోంచి ఆ చిన్న పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ముందు గిది చదువమ్మా. తర్వాత బంద్ చేద్దువు."

సెమినార్ రోజున హైదరాబాద్ నుంచి వచ్చిన పరీక్షకుడు, రంగు అంటించాక అన్నిసార్లు ఎందుకు కడుగుతారని అడిగాడు. గంగమణి తెలుగులోనే అందుకుంది.

"సార్, పసుపు చేతులు కడుక్కోకుండ తిరిగితే ఇల్లంత మరకలే. ఏది ఏ మరకో ఎట్ల తెలుస్తది? అంటుకోని రంగు మొత్తం పోవాలె. గప్పుడు మెరిసేది పంజరమొక్కటే."

ఆయన పెన్ను పక్కన పెట్టి ఇంకో రెండు ప్రశ్నలడిగాడు. మార్కుల కోసం కాదు, వినాలనిపించి.

బయటికొచ్చాక జయరాజ్ సార్‌ను నిలదీశాను. "ఆ పిల్లకు మీరే చెప్పొచ్చు కదా? ఊరినంతా ఎందుకు సతాయించారు?"

"చానాసార్లు చెప్పిన సార్. నేనంటే మర్యాద. సమజ్ కాకున్నా తల ఊపుతది. వాళ్లు ఊపరు, తిడుతరు. తిట్టుడు ఆపిండ్రంటే సమజైనట్టు."

"మరి రాధాబాయి?"

"మూడుసార్లు తరిమింది. నాలుగోసారి రంగు కడుగుడు గురించి చెప్తే, 'పసుపు చేతులు కడుక్కోవాలని నాకే చెప్తున్నవా?' అని ఇంకా గట్టిగ తిట్టింది సార్" అన్నాడు ఆనందంగా. "గా తిట్టే రాసుకున్న."