వంటింటి వెనక గదికి ఎంత స్పీడు?

తోటలో కొబ్బరి మట్ట దబ్బున పడిన చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి ఫోను మీదకు వెళ్తుంది, ఎవరింట్లో నెట్ పోయిందోనని. ఆ వెనకే రత్నం గారు గుర్తొస్తారు. కొత్తపేటలో ఇళ్ళకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే చిన్న ఆఫీసు ఆయనది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కదా, కనెక్షన్ కోసం వచ్చినవాళ్ళకు కూడా పరీక్ష పెట్టేవారు. "ఇంట్లో ఎంతమందండి? అందరూ ఒకేసారి ఫోన్లు పట్టుకునేది ఎప్పుడండి? ఎవరు ఏ గదిలో కూర్చుంటారండి?" వాళ్ళు విసుక్కున్నా వదిలేవారు కాదు. తరవాత స్కూటరేసుకుని వెళ్ళి ఇల్లు చూసొచ్చేవారు. పెళ్ళిచూపుల్లాగా ఇదేమిటని నేను లోపల నవ్వుకునేదాన్ని.

ఆయన బంధువులింట్లో ప్రార్థనకని అల్లవరం వెళ్ళిన రోజు, పలివెల నుంచి గ్రేసు గారు వచ్చారు. భర్త పోయి ఇద్దరు పిల్లలతో ఉన్న మనిషి. ఇంట్లో కూర్చుని వీడియోలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం దొరికిందట. మొదటి వారం పరీక్షట. పాఠం మాటిమాటికీ తెగితే ఉద్యోగం ఉండదట. "ఏది బాగుంటే అది ఇచ్చెయ్యమ్మా" అన్నారు. నాకు తెలిసిన మంచి ఒక్కటే, పెద్దది. మూడు వందల స్పీడు ప్లాను రాసేశాను. ఇల్లు చూడలేదు. వైరు లాగేవాళ్ళను సాయంత్రంలోగా అయిపోవాలని తొందరపెట్టాను కూడా. ఆవిడకు గొప్ప మేలు చేశానని మురిసిపోయాను.

మూడోరోజు పొద్దున్నే ఫోను. "రెండు పాఠాల్లోనూ తెరమీద నా మొహం బిగుసుకుపోయిందమ్మా. ఇంకొక్కసారి అలాగయితే వద్దంటారంట" అంటూ ఏడ్చేశారు. అప్పటికి తిరిగొచ్చిన రత్నం గారు వెంటనే నన్ను స్కూటరెక్కించుకున్నారు.

వెళ్ళి చూద్దుము కదా, వైఫై పెట్టె ముందుగదిలో, షోకేసు అద్దాల వెనక, దుమ్ము పడకుండా క్రోషా గుడ్డ కప్పుకుని కూర్చుంది. ఆవిడ పాఠం చెప్పేది వంటింటి వెనక గదిలో. మధ్యలో పాతకాలపు లావు గోడలు రెండు. పైగా మావాళ్ళు దగ్గరదారని వైరును కొబ్బరిచెట్ల మీదుగా కట్టేశారు. నిన్న ఆ తోటలో కాయలు దింపుతూ మట్టలు కొట్టారు. ఒకటి పడి వైరు నలిగిపోయింది. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"తప్పు మా ఆఫీసుదండి గ్రేసు గారూ" అన్నారు రత్నం గారు. "ఇంత పెద్ద ప్లాను మీకు అక్కర్లేదండి. యాభై చాలు."

"యాభైకి ఆగిపోదాండి?"

"ఆగదండి. పెట్టె మీ పక్కనుండాలి, అంతే."

"ఆయ్, మీరెలాగంటే అలాగేనండి."

కొత్త వైరును వీధి స్తంభాల మీదుగా తిప్పించి, పెట్టెను వెనక గదిలో పెట్టించారు. ఆ సాయంత్రం పాఠం అయ్యేదాకా ఇద్దరం వంటింట్లోనే నిలబడ్డాం. గ్రేసు గారు బయటికొచ్చి "ఒక్కసారి కూడా ఆగలేదండీ" అని చెంగుతో మొహం తుడుచుకున్నారు. ఆ ఉద్యోగం నిలిచింది.

దారిలో ఉండబట్టలేక అడిగాను, "తప్పు నాదని ఎందుకు చెప్పలేదండి?"

"చెప్తే రేపు ఆవిడ నీకు ఫోన్ చెయ్యదమ్మా. నెట్ ఆగితే మరి ఎవరికి చెప్పుకుంటుంది?"

ఆయన తిట్టి ఉంటే నాకు ఇంత గుర్తుండేది కాదేమో.

రత్నం గారు పోయి మూడేళ్ళు. ఆఫీసు నేనే చూస్తున్నాను. మొన్నామధ్య మా ఆఫీసులో పనిచేసే వెంకటరమణ, నాకంటే పెద్దవాడే, ఇల్లు చూడకుండా ఓ ప్లాను అంటగట్టి వచ్చాడు. ఆ ఇంటాయన మమ్మల్ని వీధిలో నిలబెట్టి కేకలేస్తుంటే, వెంకటరమణ నా పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు. "తప్పు మాదేనండి" అన్నాను. వేలు అతనివైపు చూపించెయ్యాలని ఎంత అనిపించిందో. అంతవరకూ ఆ మంచితనం రత్నం గారికి పుట్టుకతో వచ్చిందనుకున్నాను. ఆ రోజు పలివెలలో నా పక్కన నిలబడి ఆయన కూడా ఇదే కోరికను మింగి ఉంటారు.